అమెరికా జనగణనలో భారతీయులు ఏ గడిలో ఉన్నారు? ‘హిందూ’ నుంచి ‘తెల్లజాతి’, అక్కడి నుంచి ‘ఏషియన్ ఇండియన్’ వరకు

కమలా హ్యారిస్ 1964 అక్టోబర్ 20న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. ఆమె జనన ధ్రువపత్రంలో తండ్రి జాతి దగ్గర ‘జమైకన్’ అని, తల్లి జాతి దగ్గర ‘కకేషియన్’ అని రాసి ఉంది. ఆ తల్లి శ్యామలా గోపాలన్, చదువు కోసం 1958లో అమెరికా వెళ్లిన తమిళ మహిళ. కకేషియన్ అంటే అక్కడి వాడుకలో తెల్లజాతి.

నిజానికి భారతీయులు తెల్లవాళ్లు కారని అమెరికా సుప్రీంకోర్టు 1923లోనే తేల్చి చెప్పింది. అంతకు మూడేళ్ల ముందు జరిగిన జనగణన వాళ్లను ‘హిందూ’ అనే ప్రత్యేక జాతిగా రాసుకుంది. 1970 జనగణన అదే భారతీయులను తెల్లవాళ్లలో కలిపింది. 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అనే కొత్త గడి వచ్చింది. అరవై ఏళ్లలో మనుషులు మారలేదు, వాళ్లు వెళ్లిన దేశమూ మారలేదు. గడి మాత్రం మారుతూ వచ్చింది.

పౌరసత్వం ఎవరికివ్వాలో నిర్ణయించింది జనగణన శాఖ కాదు, చట్టసభలూ కోర్టులూ. అయితే ‘ఎవరు ఎవరిలో భాగం’ అనే ప్రశ్నకు ప్రభుత్వం ఏ కాలంలో ఏ జవాబు అనుకుందో జనగణన పత్రాల్లో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు. ఆ జవాబు మారినప్పుడల్లా కొందరికి భూమి పోయింది, కొందరికి ఓటు వచ్చింది, ఒకరిద్దరికి జీవితమే పోయింది.

లెక్కలు ఎందుకు మొదలయ్యాయి?

అమెరికాలో జనగణన రాజ్యాంగం పెట్టిన బాధ్యత. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చడానికి పదేళ్లకోసారి జనాన్ని లెక్కించాలని మొదటి అధికరణమే చెబుతోంది. తొలి జనగణన 1790లో జరిగింది. తేలిన జనాభా 39,29,214. అందులో దాదాపు 7 లక్షల మంది బానిసలు. సీట్ల పంపకంలో ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టాలన్నది నాటి ఒప్పందం. అంటే దక్షిణాది రాష్ట్రాల యజమానులకు తమ బానిసల తలలు సీట్ల కోసం పనికొచ్చాయి, ఆ తలలకు ఓటు మాత్రం లేదు.

అదే 1790లో వచ్చిన పౌరసత్వ చట్టం, వలస వచ్చినవాళ్లలో ‘స్వేచ్ఛగా ఉన్న తెల్లజాతి వ్యక్తి’కి మాత్రమే పౌరసత్వం ఇవ్వాలంది. ‘తెల్లజాతి’ అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు. 130 ఏళ్ల తర్వాత భారతీయుల మెడకు చుట్టుకున్నది ఈ మాటే.

1850 నుంచి స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరూ జనగణనలో రాయడం మొదలైంది. బానిసలకు మాత్రం విడిగా పట్టికలు పెట్టారు. వాటిలో యజమాని పేరు ఉంటుంది, కింద వయసు, ఆడో మగో, రంగు ఉంటాయి. బానిస పేరు ఉండదు. 1838లో మేరీలాండ్ బానిసత్వం నుంచి పారిపోయిన ఫ్రెడరిక్ డగ్లస్, 1850 నాటికి దేశమంతా తెలిసిన వక్త, పత్రికా సంపాదకుడు. ఆయన వదిలి వచ్చిన రాష్ట్రంలో ఇంకా బానిసత్వంలో ఉన్నవాళ్లు మాత్రం ఆ ఏడాది లెక్కల్లో పేరులేని వరుసలుగానే మిగిలారు. నల్లజాతి కుటుంబాలు తమ పూర్వీకులను వెతుక్కుంటూ వెనక్కి వెళితే ఎక్కువగా 1870 జనగణన దగ్గరే ఆగిపోవాల్సి వస్తుంది. విముక్తి తర్వాత అందరి పేర్లూ రాసిన తొలి జనగణన అదే. పౌరసత్వ చట్టాన్ని ఆఫ్రికా సంతతివారికి విస్తరించింది కూడా 1870లోనే. ఆసియావాసుల ఊసు అప్పుడూ లేదు.

1910: తీర్పు కన్నా ముందు వచ్చిన వివరణ

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పంజాబ్ నుంచి రైతులు, మాజీ సైనికులు పసిఫిక్ తీరానికి చేరారు. రంపపు మిల్లుల్లో, రైలు మార్గాల్లో, తర్వాత కాలిఫోర్నియా పొలాల్లో పనిచేశారు. 1910 జనగణనలో తేలిన భారతీయులు 2,545 మంది. వాళ్లలో ఎక్కువమంది సిక్కులు. అయినా అమెరికన్లు అందరినీ ‘హిందూ’ అనే పిలిచారు. హిందుస్థాన్ నుంచి వచ్చినవాడు హిందూ అన్నది నాటి వాడుక.

వీళ్లను ఏ జాతిలో వేయాలి? 1910 జనగణన నివేదికలో దీనికి ఒక వివరణ ఉంది. నాటి మానవశాస్త్రం ప్రకారం హిందువులు కకేషియన్లేనని, కొన్ని కోర్టులు కూడా వాళ్లను తెల్లవాళ్లుగా గుర్తించాయని ఆ వివరణే ఒప్పుకుంది. కానీ అమెరికాలో ‘తెల్లవారు’ అంటే జనం యూరప్ సంతతివారినే అనుకుంటారని, వీరి నాగరికత వేరని, అందుకే తెల్లవారు కాని ఆసియావాసుల్లో కలుపుతున్నామని చెప్పింది.

ఈ తర్కాన్ని గుర్తుపెట్టుకోవాలి. శాస్త్రం ఒకటి చెబుతుంది, సామాన్యుడు ఇంకోలా అనుకుంటాడు, మేం సామాన్యుడి మాటే తీసుకుంటాం. పదమూడేళ్ల తర్వాత సుప్రీంకోర్టు ఇదే దారిలో నడిచింది.

1920, 1930, 1940 జనగణనల్లో ‘హిందూ’ అనేది జాతుల జాబితాలోకి ఎక్కింది. ఇవాళ అమెరికా జనగణన మతం గురించి అడగదు. మతం వివరాలు చెప్పమని ఎవరినీ నిర్బంధించకూడదని 1976లో చట్టమే చేశారు. అలాంటి దేశంలో ఒక మతం పేరు మూడు జనగణనల పాటు జాతి పేరుగా నడిచింది. ఆ పేరు కింద లెక్కకెక్కినవాళ్లలో ఎక్కువమందిది ఆ మతమూ కాదు.

భగత్ సింగ్ థింద్: రెండుసార్లు ఇచ్చి, రెండుసార్లు లాక్కున్న పౌరసత్వం

అమృత్‌సర్ జిల్లాలో 1892లో పుట్టిన థింద్ 1913లో అమెరికా చేరారు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. 1918లో వాషింగ్టన్ రాష్ట్రంలో పౌరసత్వం వచ్చింది, కొద్ది రోజుల్లోనే రద్దయింది. 1920లో ఒరెగాన్‌లో మళ్లీ వచ్చింది. ప్రభుత్వం దానిపై పోరాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఆ తీర్పుకు మూడు నెలల ముందు, 1922లో, జపాన్‌లో పుట్టిన తకావో ఒజావా కేసు తేలింది. తన చర్మం చాలామంది తెల్లవారి కన్నా తెల్లగా ఉందన్నది ఆయన వాదనల్లో ఒకటి. రంగుతో సంబంధం లేదు, తెల్లజాతి అంటే కకేషియన్ జాతి అని జస్టిస్ జార్జ్ సదర్లాండ్ తీర్పు రాశారు. థింద్ తరఫు న్యాయవాదులకు ఇది వరంలా కనిపించింది. ఉత్తర భారతీయులు ఆర్యులని, కకేషియన్లని నాటి పుస్తకాలన్నీ చెబుతున్నాయి. అందులోనూ థింద్‌ది ‘ఉన్నత కులం’ అని వాదించారు. అమెరికన్లు నల్లవారితో పెళ్లి సంబంధాలను ఎలా చూస్తారో, పై కులాల హిందువులు దేశంలోని ఆదివాసులతో సంబంధాలను అలాగే చూస్తారన్న పోలిక కూడా వాళ్ల వాదనలో ఉంది. కుల వ్యవస్థను జాతి స్వచ్ఛతకు రుజువుగా అమెరికా అత్యున్నత న్యాయస్థానం ముందు పెట్టారన్నమాట. ఇంత చేసి, థింద్ సిక్కు.

1923 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. రాసింది మళ్లీ సదర్లాండే. ఈసారి ఆయన, శాస్త్రవేత్తల వర్గీకరణ ముఖ్యం కాదు, సామాన్యుడు ‘తెల్లవాడు’ అంటే ఎవరిని అనుకుంటాడో అదే ముఖ్యం అన్నారు. మూడు నెలల తేడాతో ఒకే న్యాయమూర్తి రెండు కొలతలు వాడారు, రెండు కేసుల్లోనూ ఆసియావాసే ఓడిపోయాడు. 1910 జనగణన నివేదికలోని తర్కం ఇప్పుడు దేశమంతటికీ చట్టమైంది.

థింద్‌కు చివరికి 1936లో న్యూయార్క్‌లో పౌరసత్వం దక్కింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ఆసియా సంతతి సైనికులకు 1935లో చేసిన ప్రత్యేక చట్టం అందుకు దారి చూపింది. ఆయన 1967 వరకు జీవించారు, ఆధ్యాత్మిక ఉపన్యాసకుడిగా దేశమంతా తిరిగారు.

వైష్ణో దాస్ బగాయ్: ఏ దేశమూ లేకుండా

తీర్పు థింద్‌తో ఆగలేదు. అప్పటికే పౌరులైపోయిన భారతీయులపై ప్రభుత్వం కేసులు వేసి, పదుల సంఖ్యలో పౌరసత్వాలు రద్దు చేసింది. పెషావర్ నుంచి 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో వెళ్లిన వైష్ణో దాస్ బగాయ్ వాళ్లలో ఒకరు. ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసేవారు. 1921లో పౌరుడయ్యారు. తీర్పు తర్వాత ఆ హోదా పోయింది. దాంతో పాటు ఆస్తి హక్కూ పోయింది, ఎందుకంటే పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు భూమి కొనకూడదని కాలిఫోర్నియాలో 1913 నుంచే చట్టం ఉంది. బంధువులను చూడడానికి భారత్ వెళ్లాలంటే, తాను కాదనుకుని వచ్చిన బ్రిటిష్ పాస్‌పోర్టే మళ్లీ తీసుకోవాలన్నారు.

బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నారు. అమెరికా తన పౌరసత్వాన్ని ఎలా లాక్కుందో రాసి పెట్టిన ఆయన చివరి లేఖను శాన్ ఫ్రాన్సిస్కో పత్రిక ఒకటి ప్రచురించింది. భార్య కళా బగాయ్ పిల్లలను పెంచి, చదివించి, తర్వాత కాలిఫోర్నియాకు వచ్చిన ఎన్నో దక్షిణాసియా కుటుంబాలకు పెద్దదిక్కయ్యారు. ఒకప్పుడు బర్క్‌లీలో కొనుక్కున్న ఇంట్లోకి ఇరుగుపొరుగు ఆ కుటుంబాన్ని అడుగు పెట్టనివ్వలేదు. 2021లో అదే ఊళ్లో ఒక వీధికి ‘కళా బగాయ్ వే’ అని పేరు పెట్టారు.

అందరూ ఓడిపోలేదు. థింద్ తరఫున వాదించిన న్యాయవాది సఖారాం గణేశ్ పండిట్ స్వయంగా 1914లో పౌరుడైన వ్యక్తి. ఆయన పౌరసత్వాన్నీ రద్దు చేయబోతే, ఒకసారి కోర్టు తేల్చిన విషయాన్ని ఏళ్ల తర్వాత తిరగదోడడం కుదరదని వాదించి 1926లో అప్పీళ్ల కోర్టులో గెలిచారు. ఆ తర్వాత ప్రభుత్వం ఇలాంటి కేసుల్లో వెనక్కి తగ్గింది.

దలీప్ సింగ్ సౌండ్, యల్లాప్రగడ సుబ్బారావు: ఒకే చట్టం, రెండు దారులు

దలీప్ సింగ్ సౌండ్ 1920లో అమెరికా వెళ్లి, 1924లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుంచి గణితంలో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ పట్టాతో ఉద్యోగం దొరికే రోజులు కావవి. మెక్సికో సరిహద్దు దగ్గరి ఇంపీరియల్ వ్యాలీలో వ్యవసాయంలోకి దిగారు.

ఆ లోయ జనగణనకు విచిత్రమైన ప్రాంతం. 1917 వలస చట్టం భారత్ నుంచి కూలీలనూ కుటుంబాలనూ రాకుండా ఆపేసింది కాబట్టి, అక్కడి పంజాబీ రైతుల్లో చాలామంది మెక్సికన్ మహిళలను పెళ్లాడారు. 1930 జనగణనలో ‘మెక్సికన్’ కూడా ఒక జాతి. ఆ ఒక్కసారే అలా రాశారు, నిరసనల వల్ల తర్వాత తీసేశారు. తల్లిదండ్రులిద్దరూ తెల్లవారు కాకపోతే పిల్లలకు సాధారణంగా తండ్రి జాతినే రాయాలన్నది నాటి నిబంధన. కాబట్టి ఇంట్లో స్పానిష్ మాట్లాడుతూ, చర్చికి వెళ్లే పిల్లలు కూడా ‘హిందూ’ల లెక్కలోకి వెళ్లాలి. జాతిని ఎంచుకునేది ఇంటివాళ్లు కాదు, ఇంటికొచ్చిన ఎన్యూమరేటరే.

పెళ్లి చట్టం ఇంకో చిక్కు. పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుణ్ణి పెళ్లాడితే అమెరికన్ మహిళ తన పౌరసత్వం కోల్పోయేది. 1931లో ఈ నిబంధన సడలే వరకు అదే పరిస్థితి.

యల్లాప్రగడ సుబ్బారావు కథ నడిచింది తూర్పు తీరంలో. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన 1920ల మొదట్లో హార్వర్డ్‌కు వెళ్లారు. విద్యార్థులకు 1917 నిషేధం వర్తించదు. శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలవడానికి సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతికి ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లే ఉన్నాయి. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. పిల్లల్లో వచ్చే ల్యుకేమియాపై 1948లో సిడ్నీ ఫార్బర్ ప్రయోగించిన అమినోప్టెరిన్, సుబ్బారావు బృందం తయారు చేసిందే. 1930, 1940 జనగణనల నియమాల ప్రకారం ఆయన ఒక ‘హిందూ’, పౌరసత్వానికి అనర్హుడైన విదేశీయుడు.

1946 జులై 2న లూస్-సెల్లర్ చట్టంపై అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు. భారతీయులకు, ఫిలిప్పీన్స్ వారికి పౌరసత్వ హక్కు వచ్చింది. ఏడాదికి వంద మంది భారతీయులు వలస రావచ్చన్నారు. న్యూయార్క్‌లో ఇండియా లీగ్‌ను నడిపిన జె.జె. సింగ్ లాంటివారు ఏళ్ల తరబడి తిరిగితే వచ్చిన చట్టమిది. సుబ్బారావు మాత్రం అమెరికా పౌరుడు కాకుండానే 1948లో కన్నుమూశారు.

సౌండ్ 1949లో పౌరుడయ్యారు. 1950లో వెస్ట్‌మోర్‌ల్యాండ్‌లో జడ్జి పదవికి పోటీ చేసి గెలిస్తే, పౌరసత్వం వచ్చి ఏడాది నిండలేదని ఆ ఎన్నిక కొట్టేశారు. 1952లో మళ్లీ నిలబడి గెలిచారు. 1956లో పేరుమోసిన పైలట్ జాక్వెలిన్ కాక్రన్‌ను ఓడించి ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. భారత సంతతి నుంచి, సిక్కుల నుంచి ఆ సభకు వెళ్లిన తొలి వ్యక్తి ఆయనే. 1960 జనగణన జరిగే నాటికి ఆయన సభలో కూర్చుని ఉన్నారు. ఆ జనగణన పత్రంలో భారతీయులకు గడి లేదు.

1970: ఒక్క నియమంతో తెల్లవాళ్లయ్యారు

‘హిందూ’ అనే మాట 1950 నుంచి జాబితాలో లేదు. భారతీయులు ‘ఇతరులు’ అయ్యారు. 1965 వలస చట్టం దేశాలవారీ పాత కోటాలను ఎత్తేశాక డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో రావడం మొదలైంది. 1970 జనగణనలో వీళ్లను ‘తెల్లజాతి’ కిందికి చేర్చారు. థింద్ ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగినా దొరకని హోదా, అడగకుండానే దొరికింది.

కానీ కాలం మారింది. 1923లో ‘తెల్లవాడు’ అంటే పౌరసత్వం. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక వివక్షను నిరూపించాలన్నా, రక్షణ పొందాలన్నా లెక్క కావాలి. తెల్లవారిలో కలిసిపోతే భారతీయులు ఎంతమంది, ఉద్యోగాల్లో పదోన్నతులు ఎందుకు రావడం లేదు అన్న ప్రశ్నకు అంకెలే ఉండవు. 1970ల మధ్యలో ‘అసోసియేషన్ ఆఫ్ ఇండియన్స్ ఇన్ అమెరికా’ ఈ వాదనతో ప్రభుత్వం దగ్గరికి వెళ్లింది. భారతీయుల్లోనే దీన్ని వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. బాగా చదువుకుని మంచి జీతాలు తీసుకుంటున్న మనం మైనారిటీ రక్షణ అడిగితే, నల్లవారితోనూ తెల్లవారితోనూ సంబంధాలు చెడతాయన్నది వాళ్ల భయం.

1977లో కేంద్ర బడ్జెట్ కార్యాలయం ‘డైరెక్టివ్ 15’ విడుదల చేసింది. జాతిని ప్రాంతాన్ని బట్టి నిర్వచించిన పత్రమిది. భారత ఉపఖండం నుంచి వచ్చినవాళ్లు ఆసియా-పసిఫిక్ ద్వీపవాసుల వర్గంలోకి వచ్చారు. 1980 జనగణనలో ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి తొలిసారి కనిపించింది. ‘ఇండియన్’ అని మాత్రమే రాస్తే అమెరికా మూలవాసులతో కలిసిపోతుంది కాబట్టి ముందు ‘ఏషియన్’ చేర్చారు.

అంకెల్లో ఆ ప్రయాణం

- 1910: 2,545 (‘ఇతరులు’ కింద)
- 1920: 2,507 (‘హిందూ’)
- 1930: 3,130 (‘హిందూ’)
- 1940: 2,405 (‘హిందూ’)
- 1950, 1960: విడిగా గడి లేదు
- 1970: తెల్లజాతిలో కలిపారు
- 1980: 3,61,531 (‘ఏషియన్ ఇండియన్’)
- 1990: 8,15,447
- 2000: 16,78,765
- 2010: 28,43,391
- 2020: 43,97,737

2000 నుంచి ఇచ్చినవి ఆ ఒక్క గడిలోనే టిక్ పెట్టినవారి సంఖ్యలు. వేరే జాతితో కలిపి చెప్పినవారిని కూడా చేరిస్తే 2020లో దాదాపు 48 లక్షలు. ఒకే గడిలో టిక్ పెట్టినవారిని చూస్తే 2020లో భారతీయులు చైనీయులను దాటి ఆసియా సంతతుల్లో మొదటి స్థానానికి వచ్చారు. పాకిస్థానీ, బంగ్లాదేశీ, నేపాలీలకు ఇప్పటికీ విడి గడి లేదు. ‘ఇతర ఆసియా’ దగ్గర టిక్ పెట్టి చేత్తో రాయాలి.

లెక్క ఇస్తే ప్రమాదమా? నార్మన్ మినెటా జవాబు

లెక్కలో ఉండడం ఎప్పుడూ మేలు చేయదు. 1942లో పసిఫిక్ తీరంలోని జపాన్ సంతతివారిని, దాదాపు 1,20,000 మందిని, శిబిరాల్లో నిర్బంధించారు. మూడింట రెండు వంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. ఏ వీధిలో ఎంతమంది ఉన్నారో సైన్యానికి తెలిసింది 1940 జనగణన పట్టికల నుంచే. ఆ పాత్రకు 2000లో జనగణన శాఖ డైరెక్టర్ కెనెత్ ప్రివిట్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. పట్టికలే కాదు, 1943లో వాషింగ్టన్ ప్రాంతంలోని కొందరి పేర్లు, చిరునామాలు కూడా ఇచ్చారని 2007లో పరిశోధకులు బయటపెట్టారు.

అలా శిబిరానికి వెళ్లిన పిల్లల్లో శాన్ హోసేకు చెందిన నార్మన్ మినెటా ఒకరు. వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరంలో ఆయన బాల్యం కొంత గడిచింది. అదే మినెటా 2000 జులైలో క్లింటన్ ప్రభుత్వంలో వాణిజ్య మంత్రి అయ్యారు. జనగణన శాఖ ఉండేది ఆ మంత్రి కిందే.

వ్యక్తుల వివరాలను 72 ఏళ్ల పాటు బయటపెట్టకూడదన్నది ఇప్పటి నిబంధన. 1950 నాటి పత్రాలు 2022 ఏప్రిల్‌లో బయటికొచ్చాయి. సౌండ్ సభలో ఉండగా జరిగిన 1960 జనగణన పత్రాలు 2032లో తెరుచుకుంటాయి.

ఒక మనిషికి ఎన్ని గడులు?

గోల్ఫ్ క్రీడాకారుడు టైగర్ వుడ్స్ 1997లో ఒక టీవీ కార్యక్రమంలో, చిన్నప్పుడు తనకు తాను ‘క్యాబ్లినేషియన్’ అని పేరు పెట్టుకున్నానని చెప్పారు. తెల్ల, నల్ల, మూలవాసి, ఆసియా మూలాలన్నీ కలిపి అల్లిన మాట అది. అదే ఏడాది ప్రభుత్వం ఒకటికి మించి జాతులు ఎంచుకునే వీలు కల్పించింది. 2000 జనగణనలో 68 లక్షల మంది అలా ఎంచుకున్నారు. 2020లో ఆ సంఖ్య 3.38 కోట్లకు చేరింది. ఈ పెరుగుదల అంతా పెళ్లిళ్ల వల్లా పుట్టుకల వల్లా వచ్చింది కాదు. ప్రశ్న అడిగిన తీరు, జవాబులను కోడ్ చేసిన పద్ధతి మారడం కూడా కారణం.

గడి ఉన్నంత మాత్రాన అందరూ వాడుకోరు. 2010లో అధ్యక్షుడు బరాక్ ఒబామా తన పత్రంలో నల్లజాతి గడి ఒక్కదాన్నే ఎంచుకున్నారు. ఆయన తల్లి కాన్సస్‌లో పుట్టిన తెల్లజాతి మహిళ. ఆయన రెండూ టిక్ పెట్టి ఉండొచ్చు. ఎన్యూమరేటర్ చూసి రాసుకునే రోజులు పోయి, ఎవరి గడిని వాళ్లే ఎంచుకునే రోజులు వచ్చాయనడానికి ఇదొక గుర్తు.

మరి తెలుగువారి లెక్క ఎక్కడ?

హైదరాబాద్‌లో పుట్టిన మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ల, మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్, తెలుగు తల్లిదండ్రులకు శాన్ డియాగోలో పుట్టిన ఉషా వాన్స్. వీళ్లను చూసి ‘అమెరికాలో తెలుగువారు ఎంతమంది’ అని అడిగితే పదేళ్ల జనగణన దగ్గర జవాబు లేదు. అందులో భాష గురించి అడగరు.

భాష లెక్క ఉండేది ‘అమెరికన్ కమ్యూనిటీ సర్వే’లో. ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు వెళ్లే నమూనా సర్వే ఇది. ఇంట్లో ఇంగ్లిష్ కాకుండా వేరే భాష మాట్లాడతారా, ఏ భాష అని అడుగుతారు. దాని ప్రకారం 2010-2017 మధ్య తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగి 4 లక్షలు దాటారు. ‘అమెరికాలో అత్యంత వేగంగా పెరుగుతున్న భాష తెలుగు’ అన్న వార్తలకు మూలం ఇదే. ఈ అంకెను చదివేటప్పుడు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఇది తెలుగువారి సంఖ్య కాదు, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నామని చెప్పినవారి సంఖ్య. ఇంట్లో ఇంగ్లిష్‌కు మారిన రెండో తరం ఇందులోంచి జారిపోతుంది. పైగా నమూనా సర్వే కాబట్టి ఇది అంచనాయే, తలలు లెక్కపెట్టిన సంఖ్య కాదు.

ఈ లెక్కతో ఏం వస్తుంది? ఓటింగ్ హక్కుల చట్టం ప్రకారం, ఒక కౌంటీలో ఇంగ్లిష్ సరిగా రాని ఒక భాషా మైనారిటీ ఓటు వయసు పౌరులు 10 వేలు లేదా 5 శాతం దాటితే, మరికొన్ని షరతులకు లోబడి, ఎన్నికల సామగ్రి వాళ్ల భాషలో ఇవ్వాలి. 2011లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ఇలా ‘ఏషియన్ ఇండియన్’ వర్గం కింద అర్హత పొందింది. ఆ వర్గంలో ఎన్ని భాషలున్నా నగరం ఎంచుకున్నది బెంగాలీని. షికాగో ఉన్న కుక్ కౌంటీ హిందీని ఎంచుకుంది. ఒకే గడిలో ఉన్నవాళ్లలో కూడా లెక్క తేలినవాళ్ల భాషే బ్యాలెట్ మీదికెక్కుతుంది.

సీట్ల సంగతి సరేసరి. 2020 జనగణన తర్వాత న్యూయార్క్ రాష్ట్రం ప్రతినిధుల సభలో ఒక సీటు కోల్పోయింది. ఇంకో 89 మంది లెక్కకెక్కి ఉంటే, మిగతా రాష్ట్రాల సంఖ్యలు అలాగే ఉంటే, ఆ సీటు నిలిచేది.

మన గడుల ముందు

భారత్‌లో 2027 జనగణనలో కులం అడగాలని కేంద్రం 2025 ఏప్రిల్ 30న నిర్ణయించింది. అన్ని కులాల వివరాలతో చివరిగా ప్రచురించిన జనగణన 1931 నాటిది. అప్పుడు తేలిన కులాలు 4,147. 2011లో జరిగిన సామాజిక, ఆర్థిక, కుల సర్వేలో జనం చెప్పినవన్నీ రాసుకుంటే 46 లక్షలకు పైగా పేర్లు వచ్చాయని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. ఇంటి పేర్లు, గోత్రాలు, ఉపకులాలు, అక్షరాల తేడాలు అన్నీ అందులో చేరాయి.

కులం వేరు, అమెరికా చెప్పే జాతి వేరు. కానీ జాబితా తయారుచేసేవాళ్ల ముందున్న ప్రశ్నలు అవే. పేరు ఎవరు పెట్టాలి? ఏ ఉపకులాన్ని ఏ పెద్ద పేరు కింద కలపాలి? ఇంటికొచ్చిన ఎన్యూమరేటర్ రాసిందే నిజమా, ఇంటివాళ్లు చెప్పిందా? అమెరికా ఈ ప్రశ్నలకు జవాబు మార్చుకుంటూ వస్తూనే ఉంది. 2024 మార్చిలో పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికా సంతతివారికి విడి వర్గం ప్రకటించింది. వాళ్లు కూడా అంతవరకు లెక్కల్లో ‘తెల్లవాళ్లే’.

‘హిందూ’ గడిలో ఉన్న రెండున్నర వేల మందికి జాబితా తయారీలో మాట లేదు. 1980 నాటి గడి, అందులో పడాల్సినవాళ్లు అడిగితే వచ్చింది. మన జాబితాలు ఖరారయ్యే ముందు చూసుకోవాల్సిన తేడా అదే.